డీకన్ అయిన మా అమ్మాయికి, మంచు పడకముందే

ప్రియమైన తల్లీ,

ప్రభువు పేరిట నీకు శుభాలు. పోయిన ఆదివారం నీ తల మీద చేతులుంచి నిన్ను డీకన్‌గా, అంటే సంఘంలో అవసరంలో ఉన్నవాళ్లను చూసుకునే సేవకురాలిగా, నియమించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. పట్టుమని నలభై మంది లేని చర్చి, అందరూ పెద్ద వయసు తెల్లవాళ్లు, వీళ్లకు నేనేం చేయగలనని నువ్వు టెన్షన్ పడుతున్నావనీ చెప్పింది. నేను ఇక్కడ అమెరికాలోనే, పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీలో ఇలాంటి చిన్న ప్రెస్బిటీరియన్ సంఘంలోనే ముందు డీకన్‌గా, తర్వాత సెషన్‌లో, అంటే సంఘాన్ని నడిపే పెద్దల సభలో, ఒక పెద్దగా ఏళ్ల తరబడి పనిచేశాను కదా, నాకు తెలిసింది రాస్తున్నాను. ఇంకా అక్టోబరే, ఇప్పుడే ఎందుకు అనుకోకు. చలికాలం పని మంచు పడ్డాక మొదలుపెడితే అందదు.

మన గుంటూరులో డిసెంబరు వచ్చిందంటే క్యారల్స్ వాళ్లు అర్ధరాత్రి పూట కూడా తలుపు తడతారు. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో వీధి వీధంతా తెలిసిపోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో మీ బఫెలో వైపు నవంబరులో మూసిన తలుపులు మార్చి దాకా తెరుచుకోవు. ఈరీ సరస్సు మీదుగా వచ్చే చలిగాలి ఆ నీటి తేమనంతా పట్టుకొచ్చి ఒడ్డునున్న ఊళ్ల మీద మంచుగా కుమ్మరిస్తుంది. 2017 క్రిస్మస్ నాడు మా ఈరీలో ఒక్కరోజులో 34 అంగుళాలు పడింది. 2022 క్రిస్మస్ సమయంలో మీ వైపు వచ్చిన మంచు తుఫానులో 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు హీటింగ్ లేని సొంత ఇళ్లలో, కొందరు మంచు ఎత్తిపోస్తూ గుండె ఆగి పోయారు. అంబులెన్సు చేరుకోలేక ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే చెబుతున్నాను, ఇక్కడ డీకన్‌కి మొదటి పని మూసిన తలుపుల వెనక ఎవరున్నారో తెలుసుకుని ఉండడం.

ఈ నెలలోనే ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఒంటరిగా ఉండేదెవరు, ఇంటి హీటింగ్ గ్యాసా, ఆయిలా, కరెంటా, ఆక్సిజన్ మెషీన్ ఎవరికుంది, తాళంచెవి ఇంకొకటి ఎవరి దగ్గరుంది, పిల్లల ఫోన్ నంబరేంటి, వాకిట్లో మంచు ఎవరు తీస్తారు, ఇవన్నీ రాసుకో. తర్వాత డీకన్లందరూ తలా ఐదారు ఇళ్లు పంచుకోండి. తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఒకసారి, తగ్గాక ఒకసారి ఫోన్ చేయాలి. "బాగున్నారా" అని మాత్రం అడగొద్దు. ఆ తరం వాళ్లు ప్రాణం మీదికొచ్చినా బాగానే ఉన్నామంటారు. "థర్మోస్టాట్ ఎంత మీద పెట్టారు? పొద్దున ఏం తిన్నారు? మందులు ఎన్ని రోజులకున్నాయి?" అని అడుగు. నీ యాస గురించి బెంగ వద్దు. నెమ్మదిగా మాట్లాడు, వాళ్లూ నెమ్మదిగానే వింటారు.

ఇంటికి వెళ్లినప్పుడు లోపలికి అడుగు పెట్టకముందే చూడాల్సినవి ఉన్నాయి. మంచు పడి రెండు రోజులైనా మెయిల్‌బాక్స్ దాకా అడుగుల గుర్తులు లేవంటే ఆ ఇంట్లో మనిషి బయటికి రాలేదన్నమాట. ఇంటి పక్క గోడలోంచి తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బయటికొచ్చి ఉంటాయి, కొత్త రకం ఫర్నేస్ పొగ పోయేదీ గాలి పీల్చేదీ వాటిలోంచే. అవి మంచులో పూడిపోతే ఫర్నేస్ ఆగిపోతుంది, లేదా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరుగుతుంది. అది విషవాయువు, దానికి వాసన ఉండదు. చేత్తోనైనా ఆ మంచు తీసేసి అప్పుడు బెల్ కొట్టు. లోపల మనిషి కోటు వేసుకునే కూర్చున్నా, వంటింట్లో గ్యాస్ అవెన్ తలుపు తీసి పెట్టి చలి కాచుకుంటున్నా, బిల్లు కట్టలేక హీటింగ్ తగ్గించుకున్నారని అర్థం. అవెన్ అలా వాడడం ప్రమాదమని మెల్లగా చెప్పి ఆర్పించు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూడు.

బిల్లుల సంగతికొస్తే, న్యూయార్క్‌లో హీటింగ్ ఖర్చుకి హీప్ అని ప్రభుత్వ సాయం ఉంది. హీటింగ్ ఆగిపోయే పరిస్థితి వస్తే అత్యవసర సాయం వేరేగా ఇస్తారు. చాలామంది సిగ్గుపడి అడగరు. నువ్వు ఫారం పట్టుకెళ్లి, కాఫీ తాగుతూ పక్కన కూర్చుని నింపించు. ఇంకేం సాయముందో తెలియకపోతే 211కి ఫోన్ చేస్తే చెబుతారు. డీకన్ల నిధి నుంచి ఇవ్వాల్సి వస్తే చెక్కు నేరుగా గ్యాస్ కంపెనీ పేరునే రాయండి, ఎవరికి ఎంత ఇచ్చారో ఇద్దరికి తెలిసుండాలి. నీ సొంత డబ్బు మాత్రం అప్పుగా ఇవ్వకు తల్లీ, ఆ తర్వాత వాళ్లు నీ ముఖం చూడలేక చర్చికి రావడమే మానేస్తారు.

మంచు తీసే పని కుర్రాళ్లకు అప్పజెప్పు. అరవై దాటినవాళ్లు పారతో బరువైన తడి మంచు ఎత్తడం గుండెకు మంచిది కాదు, వాళ్లు ఎంత పంతం పట్టినా సరే. మెట్లు, ర్యాంపు ముందు తీయించు, పార్కింగ్ తర్వాత చూసుకోవచ్చు. చలి 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి పోతే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, కాల్షియం క్లోరైడ్ ఒక బస్తా ముందే కొని తలుపు దగ్గర ఉంచండి. కౌంటీ వాళ్లు ప్రయాణ నిషేధం పెట్టిన రోజు ఎవరు రమ్మన్నా కారు తీయకు. ఆ రోజు నీ సేవ ఫోన్ మీదే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మన దగ్గర ప్రార్థన మనవులంటే ఉన్నదంతా చెప్పేస్తాం, ఫలానా వాళ్లబ్బాయి తాగుతున్నాడని కూడా. అక్కడ అలా చేయకు. ఒక ఇంట్లో విన్నది ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటే తప్ప ప్రార్థనలో కూడా పైకి చెప్పకూడదు. నలభై మంది ఉన్న సంఘంలో పేరు చెప్పకపోయినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఒక్కసారి నమ్మకం పోయిందంటే వచ్చే చలికాలం ఆ తలుపు నీకు తెరుచుకోదు.

లేనివాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి తిండి డబ్బాలు అందరూ ఇస్తారు. ప్రభుత్వం పేదలకు తిండి కోసం ఇచ్చే ఫుడ్ స్టాంపులతో సబ్బు, టాయిలెట్ పేపరు, డైపర్లు కొనడానికి వీల్లేదు, కాబట్టి మీరు అవి సేకరించండి. మందపాటి సాక్సులు కూడా. మంచుకి బడి మూసేస్తే పిల్లలకు మధ్యాహ్నం ఉచిత భోజనం పోతుందని గుర్తుంచుకో. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆదివారం, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ నాడు, పిల్లల చేత చర్చి తలుపు దగ్గర సూప్ గిన్నె పట్టించి ఆకలితో ఉన్నవాళ్ల కోసం తలా ఒక డాలర్ అడిగించు. 1990లో సౌత్ కరోలినాలోని కొలంబియాలో ఒక ప్రెస్బిటీరియన్ సంఘం యువకులు మొదలుపెట్టిన పనే ఇది, తర్వాత దేశమంతా పాకింది. చిన్న సంఘానికి ఇంతకంటే తేలికైన పని లేదు.

ఎవరికైనా వండి పట్టుకెళ్తే అల్యూమినియం ట్రేలోనే తీసుకెళ్లు, గిన్నె కడిగి తిరిగివ్వాలన్న భారం వాళ్లకుండదు. మన పప్పు వాళ్లకు బాగా నచ్చుతుంది, మిరపకాయ మానేసి ఉప్పు తగ్గించు. వాళ్లు నీకు ఏదైనా ఇవ్వబోతే కాదనకు. అల్లిన టోపీ ఇస్తే పెట్టుకుని ఆదివారం చర్చికి రా. తీసుకోవడమే తప్ప ఇవ్వడానికి తమ దగ్గర ఏమీ లేదనుకునే మనిషి త్వరగా కుంగిపోతారు. ఇల్లు కదలలేని వాళ్లకే ఫోన్లు చేసే పని అప్పగించి చూడు, ఎంత శ్రద్ధగా చేస్తారో.

డిసెంబరు 21 దగ్గర్లో, ఆ సంవత్సరం తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల కోసం చిన్న ఆరాధన పెట్టమని పాస్టరమ్మని అడుగు. పాటలు తక్కువ, మౌనం ఎక్కువ, కొవ్వొత్తులు చాలు. క్రిస్మస్ సందడి భరించలేనివాళ్లు దానికి వస్తారు. చర్చిలో ప్రభు భోజనం జరిగిన ఆదివారం, సెషన్ అనుమతితో, రొట్టె ద్రాక్షరసం ఇల్లు కదలలేని వాళ్లకు అదే రోజు తీసుకెళ్లండి. నువ్వూ ఒక పెద్దా కలిసి వెళ్లండి. తొందరపడొద్దు. కోటు విప్పి, కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చో. చేతులు వణికేవాళ్లకు కప్పు సగమే పోయి. మతిమరుపు వచ్చి నిన్ను గుర్తుపట్టనివాళ్లు కూడా ప్రభువు ప్రార్థన మొదలుపెట్టగానే గొంతు కలుపుతారు.

శనివారం ఫోన్ చెయ్యి, నీ లిస్టు మీద ఇద్దరం కూర్చుందాం. ఈలోపు బూట్ల కింద తొడిగే ఐస్ క్లీట్స్ ఒక జత కొనుక్కో. కారులో దుప్పటి, చిన్న పార, ఫోన్ ఛార్జర్ పెట్టు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ