పన్నెండు రోజులైంది కదా అనకు

బిడ్డా,

జడ్చర్లలో ఒకడు నిన్ను బలాత్కరించిన సంగతి చెబుతూ మొన్న ఫోన్‌లో ఒకే మాట మూడుసార్లు అన్నావు. "పన్నెండు రోజులైంది పెద్దమ్మా, స్నానం చేశాను, బట్టలు ఉతికేశాను, ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

"అరవలేకపోయాను" అన్నావు చూడు, ముందు అది. భయం ముదిరితే ఒళ్లు బిగుసుకుపోతుంది, గొంతు లేవదు. నర్సుగా చేరిన కొత్తలో నేనే ఒక పిల్లను "మరి కేక వేయొచ్చు కదా" అని అడిగాను. ఆ పిల్ల మళ్లీ నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదని చట్టంలోనే రాసి ఉంది. వాడి బండి ఎక్కావంటావా, బండి ఎక్కడం అంటే బండి ఎక్కడమే.

దాచకుండా చెప్తా. 72 గంటల్లోపైతే గర్భం రాకుండా మాత్ర, హెచ్‌ఐవీ రాకుండా 28 రోజుల మందులు మొదలుపెడతారు. ఆ గడువు దాటింది. నిన్ను తప్పు పట్టడానికి కాదు, రేపు ఇంకో పిల్ల నిన్ను అడిగితే చెప్తావని. ఇప్పుడు గర్భ పరీక్ష, హెచ్‌ఐవీ, మిగతా సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోవాలి. హెచ్‌ఐవీకి మూడు నెలలకు మళ్లీ. ఒకవేళ గర్భమని తేలినా 24 వారాల దాకా తీయించుకునే వీలుంది, నీకు ఇరవై నిండాయి కాబట్టి సంతకం నీదే. సర్కారు దవాఖానైనా ప్రైవేటైనా పైసా తీసుకోకుండా చూడాలి. వాళ్లు పోలీసులకు తెలపాలి, అది రూలు. నీకు కేసు వద్దంటే ఆ మాటే రాసివ్వు, వైద్యం ఆపకూడదు. రెండు వేళ్ల పరీక్ష, అంటే లోపల వేళ్లు పెట్టి చూడటం, చేస్తామని ఎవరైనా అంటే వద్దను. సుప్రీంకోర్టు 2013లోనే దాన్ని తప్పుపట్టింది, 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది.

కేసు పెట్టాలా వద్దా నువ్వే ఆలోచించుకో. పెడితే జడ్చర్ల దాకా పోనక్కర్లేదు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి, నీ మాటలు మహిళా అధికారే రాసుకోవాలి. నీ పేరు బయటపెట్టడం నేరం. ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు. ఆ చిరిగిన చున్నీ ఉంచావన్నావు కదా, ఉతకకు. కాగితంలో చుట్టి పెట్టు, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పడుతుంది. వాడి మెసేజ్‌లు చూస్తే కంపరంగా ఉంటుందని తెలుసు, అయినా డిలీట్ చేయకు.

కులపెద్దలు కూర్చోబెట్టి మాట్లాడదాం అంటారు, పెళ్లి చేసేద్దాం అని కూడా అంటారు. మన దిక్కు అది మామూలే. రాజీ చేసుకునే నేరం కాదిది. ఆ పంచాయితీకి నువ్వు పోకు.

జిల్లాకొక సఖి కేంద్రం ఉంది, నల్గొండలో భరోసా కేంద్రమూ ఉంది. కౌన్సెలరు, లాయరు, దవాఖానకు తోడు అక్కడే దొరుకుతారు. రాత్రిపూట టెన్షన్ పెరిగితే మహిళా హెల్ప్‌లైన్ 181కి చెయ్యి, మనసు బాగోకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి. ఆడవాళ్లకు ఆదాయం చూడకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది, పరిహారానికి దరఖాస్తూ అక్కడే.

అమ్మకు ఎప్పుడు చెప్పాలో నువ్వే చూసుకో. నా చెల్లెలే అయినా నీ మాట లేకుండా నేను చెప్పను.

శనివారం పొద్దున పదింటికి నల్గొండ బస్టాండులో దేవరకొండ బస్సులు ఆగే చోట ఉంటాను. ఆధార్ కార్డు, ఆ కాగితం పొట్లం తెచ్చుకో. ముందు టీ తాగుదాం, తర్వాత ఎటు పోవాలో నువ్వు చెప్పు.

పెద్దమ్మ