ప్రభుత్వాన్ని విమర్శిస్తే దేశభక్తి లేనట్టేనా?

కాదు. దేశం వేరు, ప్రభుత్వం వేరు. ప్రభుత్వం మన ఓటుతో వస్తుంది, మన ఓటుతోనే పోతుంది. ఇల్లు తనదనుకున్నవాడే కప్పు కారుతోందని గోల చేస్తాడు. రేపో మాపో ఖాళీ చేసేవాడు కారేచోట బకెట్ పెట్టి ఊరుకుంటాడు.

మా ఊళ్లో ఒక మాజీ సైనికుడున్నారు. కొత్త సిమెంటు రోడ్డు మొదటి వానకే పెచ్చులూడింది. ఆయన ఓ పెచ్చును సంచిలో వేసుకొచ్చి, గ్రామసభలో బల్ల మీద పెట్టి, "ఇదేంటండీ?" అన్నారు. అంతే. ఆయనకు దేశభక్తి లేదనడానికి ఎవరికి నోరొస్తుంది?

ఇక చట్టం సంగతి. రాజద్రోహానికి సంబంధించిన, పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 124ఎ సెక్షన్ బ్రిటిష్‌వాళ్లు 1870లో తెచ్చింది. దాని కిందే తిలక్‌కు 1908లో, గాంధీకి 1922లో ఆరేళ్ల చొప్పున శిక్ష వేశారు. అప్పటి సర్కారు లెక్కలో వాళ్లు ద్రోహులు మరి! కేదార్‌నాథ్ సింగ్ కేసులో 1962లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది: విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా, హింసకో అల్లర్లకో రెచ్చగొట్టనంతవరకు అది రాజద్రోహం కాదు. 2022లో ఆ సెక్షన్ అమలునే నిలిపివేసింది.

ఐపీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ స్థానంలో 152వ సెక్షన్ వచ్చింది. అందులో 'రాజద్రోహం' అన్న మాట లేదు. దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు ముప్పు తెచ్చే పనులు నేరమంటుంది. కాకపోతే ఆ పదాలు కాస్త వదులుగానే ఉన్నాయి, నా భయమల్లా అక్కడే.