పాంపే వెళ్తున్న స్వాతికి పెద్దమ్మ ఉత్తరం

మాచర్ల,
ఆదివారం

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, స్వాతి నన్ను ఇటలీ తీసుకెళ్తానంటోంది, ఆ పాత ఊళ్లన్నీ చూపిస్తుందట" అంది. దాని గొంతు అంత హుషారుగా విని ఎన్నేళ్లయిందో. పదో తరగతి పాసైన రోజు అలా ఉండేది. ఫోన్ పెట్టేశాక దేవుడి దగ్గర దీపం పెట్టాను. తర్వాత పడుకున్నాను గానీ రెండింటిదాకా కునుకు పట్టలేదు. సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది. ఫోన్‌లో చెబుదామంటే సగం మర్చిపోతాను, మిగతా సగం చెప్పలేక ఏడుస్తాను. అందుకే రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తా. వీసాకి ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తక్కువ ఉండకూడదు. అమ్మకి షుగర్ ఉందన్న సంగతి అందులో దాచకుండా రాయి. పాంపే టికెట్లు ఇప్పుడు పేరు మీద ఇస్తున్నారు, రోజుకి 20,000 మందినే రానిస్తున్నారు, కాబట్టి టూర్ వాళ్లు కొన్నారో లేదో గట్టిగా అడుగు. పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి. నేపుల్స్ లోకల్ రైల్లో హ్యాండ్‌బ్యాగ్ ముందుకి వేసుకోండి, అమ్మని గొలుసు జాకెట్ లోపలికి తోసుకోమను. నేపుల్స్ మ్యూజియానికి మంగళవారం సెలవు.

ఇక నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను చూశాను. రెండో రోజు పొద్దున పాంపే, మధ్యాహ్నం హెర్క్యులేనియం, సాయంత్రం వెసూవియస్ అగ్నిపర్వతం మీదికి. ఇది ఎవరు రాశారమ్మా? అరవై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, పోయినేడాది నుంచి షుగర్ మాత్రలు. నువ్వు ఆఫీసులో పని ముగించినట్టు ఊళ్లు ముగిస్తానంటే ఎలా? నాకు కోపం వచ్చింది. ఆ కోపం నీ మీద కాదని తర్వాత తెలిసింది. ఆ ప్లానులో నేను కనిపించాను.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకి కూడా తెలియదు.

2017 జూలైలో మీ పెదనాన్నా నేనూ వెళ్లాం. ఇరవై ఏడేళ్లు సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. నల్లబల్ల మీద వెసూవియస్ గీసి, పైన పొగ గీసి, కింద ఊరు గీసి, పక్కన అది పేలి పాంపేని పూడ్చేసిన ఏడు క్రీ.శ. 79 అని రాసి ఎన్నిసార్లు తుడిచానో లెక్కలేదు. ఆ ఊళ్లో అడుగు పెట్టబోతున్నానంటే నా కాళ్లు నేల మీద లేవు.

ఆ రోజు హోటల్లో టిఫిన్ చల్లటి రొట్టె, ఒక చీజ్ ముక్క. ఆయన రెండు ముక్కలు కొరికి వదిలేశారు. షుగర్ మాత్ర మాత్రం వేసుకున్నారు. నేను చూశాను. బస్సు తప్పిపోతుందన్న తొందరలో, చూసి కూడా ఏమీ అనలేదు. పాంపే గేటు దగ్గర పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, కౌంటర్లో పెట్టి రమ్మన్నారు. పెట్టేసి వచ్చాను. ఖర్జూరాలు, చక్కిలాలు, గ్లూకోజ్ బిస్కెట్లు అన్నీ అందులోనే.

గైడు రెండు గంటలు తిప్పింది. స్నానశాలలు, తిరగళ్లు ఉన్న బేకరీ, గుంటల్లాంటి కుండలు అమర్చిన రాతి గట్ల హోటళ్లు, అన్నీ ఓపిగ్గా చెప్పింది. చివరికి ఊరి ముఖ్య కూడలి అయిన ఫోరం దగ్గర ఆపి, గంట టైం ఇచ్చింది. మీ పెదనాన్న ఒక గోడ నీడలో కూర్చుని, "నువ్వూ కూర్చోవే" అన్నారు. నాకేమో ఆంఫీథియేటర్, అంటే చుట్టూ మెట్లున్న ఆటల ప్రాంగణం, చూడాలి. అది ఊరికి ఆ చివర, దాదాపు కిలోమీటరు. క్రీ.పూ. 70 ప్రాంతంలో కట్టినది, రాతితో కట్టినవాటిలో ఇప్పటికి తెలిసినంతలో అన్నిటికంటే పాతది. మన నాగార్జునకొండ నుంచి తెచ్చి అనుపులో మళ్లీ కట్టిన మెట్ల ప్రాంగణం ఉంది చూడు, అక్కడికి ఏటా పిల్లల్ని తీసుకెళ్లి, "రోమ్ వాళ్లకి కూడా ఇలాంటివి ఉండేవి" అని చెప్పేదాన్ని. చెప్పినదాన్ని ఒక్కసారి కళ్లతో చూడాలని నా ఆశ.

లేపాను ఆయన్ని. ఆ వీధి తిన్నగా, పొడుగ్గా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నీడ అన్నది లేదు. కింద ఎగుడుదిగుడు నల్లరాళ్లు, వాటి మీద రెండు వేల ఏళ్ల కిందటి బండి చక్రాల గాడులు. సగం దూరంలో ఆయన, "కాస్త ఆగుదామా" అన్నారు. "ఇంత డబ్బు పోసి వచ్చింది కూర్చోవడానికా" అన్నాను. ఆ మాట నేనే అన్నాను స్వాతీ. ఇంకో వంద అడుగులు వేశాక మళ్లీ అన్నారు. నేను ముందుకి నడుస్తూనే ఉన్నాను. మూడోసారి గొంతు వినపడలేదు. వెనక్కి తిరిగి చూస్తే వీధి మలుపులో రాతి నీళ్లతొట్టి పట్టుకుని నిలబడి ఉన్నారు. చొక్కా మొత్తం తడిసిపోయింది. పేరు పెట్టి పిలిస్తే నా వైపు చూస్తున్నారు గానీ నేనెవరో తెలియనట్టు చూస్తున్నారు. నలభై ఏళ్లలో ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు.

ఎండదెబ్బ అనుకుని నెత్తిన నీళ్లు పోశాను. చేతులు వణుకుతుంటే అప్పుడు తట్టింది, షుగర్ పడిపోయిందని. బిస్కెట్లేమో కౌంటర్లో. ఫోన్‌లో గైడు నంబరు లేదు. నాకు ఆ భాష రాదు. "షుగర్, షుగర్" అని అరుస్తూ కనబడ్డవాళ్లందరికీ చేతులు జోడించాను. ఇద్దరు పిల్లలతో వస్తున్న ఒకావిడ ఆగింది. ఆయన మొహం చూసి, చిన్నపిల్లాడి చేతిలో ఉన్న పండ్లరసం డబ్బా తీసుకుని, స్ట్రా ఆయన నోట్లో పెట్టింది. పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. ఆవిడ పక్కనే రాతి మీద కూర్చుని, మీ పెదనాన్న చెయ్యి పట్టుకుని, నా భుజం కూడా నిమురుతూ పావుగంట ఉంది. ఆయనకి తెలివి వచ్చాక మొదట అన్న మాట, "ఆ బాబుకి ఇంకోటి కొనివ్వు" అని. కొనడానికి నేను లేచేలోపే వాళ్లు వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక ఎవరడిగినా, "కాస్త ఎండ తగిలింది అంతే, మీ పెద్దమ్మ భలే చూపించింది" అనేవారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనకుండా కాపాడుకున్నారు. నాలుగేళ్ల కిందట గుండె ఆగి పోయారు గానీ, ఆ వీధిలో ఆయన చూసిన చూపు నన్ను వదల్లేదు. ఆంఫీథియేటర్ నేను చూడనే లేదు.

అందుకని చెబుతున్నా. మీ అమ్మ ఎప్పుడూ "పర్లేదు" అంటుంది. కాలు విరిగినా పర్లేదు అనే మనిషి. దాని నోటిమాట నమ్మకు, మొహం చూడు. నడక తగ్గితే, మాట తగ్గితే, ఊరికే చెమటలు పడితే ఆగిపో. మాత్రలకీ తిండికీ మధ్య ఎంతసేపు ఉండొచ్చో వెళ్లేముందు డాక్టరుని అడుగు. గ్లూకోజ్ బిళ్లల ప్యాకెట్టు ఒకటి నీ జేబులో, ఒకటి దాని జేబులో ఉండాలి. సంచిలో కాదు, జేబులో. గైడు నంబరు ఇద్దరి ఫోన్లలో ఉండాలి. వెసూవియస్ కొట్టెయ్. హెర్క్యులేనియం ఇంకో రోజుకి మార్చు.

నీకు ఒక సంగతి చెప్పాలి. కొండ పేలినప్పుడు ప్లినీ అని పదిహేడేళ్ల కుర్రాడు అఖాతానికి అవతల మిసేనం అనే ఊళ్లో తల్లితో ఉన్నాడు. బూడిద కమ్ముకొస్తుంటే తల్లి, "నేను ముసలిదాన్ని, వేగంగా నడవలేను, నన్ను వదిలేసి నువ్వు పరిగెత్తు" అని బతిమాలింది. అతను వినలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ బయటపడ్డాడు. పెద్దయ్యాక ఆ సంగతంతా టాసిటస్ అనే చరిత్రకారుడికి ఉత్తరంలో రాశాడు కాబట్టే మనకి తెలిసింది. క్లాసులో పొగ గురించీ బూడిద గురించీ చెప్పానే గానీ ఆ చెయ్యి గురించి ఏ ఏడూ చెప్పలేదు.

హెర్క్యులేనియం చిన్న ఊరు, మీ అమ్మకి నడక తక్కువ. దాదాపు ఇరవై మీటర్ల లోతున కూరుకుపోయింది కాబట్టి పైనుంచి కిందికి దిగాలి. చెక్క తలుపులు, మంచాలు బొగ్గయి అలాగే నిలిచాయి. సముద్రం వైపు పడవల కొట్లలో సుమారు 300 మంది ఎముకలు దొరికాయి, పడవల కోసం ఎదురుచూస్తూ చనిపోయినవాళ్లు. పిల్లల్ని పొదివి పట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అమ్మని అక్కడికి తీసుకెళ్లాలా వద్దా అన్నది నువ్వే ఆలోచించు. దాని మనసు నాకంటే నీకే ఎక్కువ తెలుసు.

ప్లానులో పెస్టుమ్‌కి రెండు గంటలే ఇచ్చావు. దానికి సగం రోజు ఇవ్వమ్మా. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పాంపే రోమన్ల ఊరు, ఇది గ్రీకులది. క్రీ.పూ. 600 ప్రాంతంలో సముద్రం దాటి వచ్చి ఇటలీలో కట్టుకున్నారు, పొసెయిడోనియా అని పేరు పెట్టుకున్నారు. క్రీ.పూ. 273లో రోమ్ చేతికి వచ్చింది. తర్వాత ఊరి చుట్టూ బురద, మలేరియా చేరి జనం వదిలేశారు. అందుకే మూడు గుళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. అన్నిటికంటే పాతగుడి స్తంభాలు మధ్యలో కాస్త ఉబ్బి ఉంటాయి, బరువు మోస్తున్న మనిషి కండలాగా. ఆ గుడికే ముందు వైపు తొమ్మిది స్తంభాలు, లెక్కపెట్టి చూడు, సరిగ్గా నడిమధ్యన ఒకటి అడ్డంగా నిలబడుతుంది. అంతా సమతలం, గడ్డి. అమ్మని ఒక చోట కూర్చోబెట్టి నువ్వు తిరిగిరా. అక్కడి మ్యూజియంలో 1968లో దొరికిన సమాధి మూత ఉంది. ఒక కుర్రాడు నీళ్లలోకి దూకుతున్న బొమ్మ దాని లోపలి వైపు గీశారు, చనిపోయినవాడికి తప్ప ఎవరికీ కనపడని చోట. దాని ముందు మీ పెదనాన్న చాలాసేపు నిలబడ్డారు. ఆ ఊరి చుట్టూ గేదెలు మేపుతారు. అచ్చం మన గేదెల్లాంటివే. వాటి పాలతో చేసిన తెల్లటి చీజ్ మెత్తగా ఉంటుంది, అమ్మ తింటుంది.

నేపుల్స్ మ్యూజియంలో అలెగ్జాండర్ డేరియస్‌తో యుద్ధం చేస్తున్న రంగురాళ్ల చిత్రం అందరూ చూపిస్తారు. ఎవరూ చూపించకపోయినా నువ్వు అడిగి చూడాల్సింది ఒకటుంది. 1938లో పాంపేలో ఒక ఇంట్లో మన దేశపు ఏనుగు దంతంతో చెక్కిన స్త్రీ బొమ్మ దొరికింది. జానెడు కంటే కాస్త ఎక్కువ, సుమారు 25 సెంటీమీటర్లు. మొదట లక్ష్మీదేవి అన్నారు, ఇప్పుడు యక్షి అనే ఎక్కువమంది అంటున్నారు. దక్కన్‌లో, మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికిన దంతపు బొమ్మకీ దీనికీ పోలికలున్నాయి. శాతవాహనుల కాలం అది. చేతుల నిండా మోచేతుల దాకా గాజులు, కాళ్ల నిండా కడియాలు. తండా నుంచి మా స్కూలుకి వచ్చే పిల్లల తల్లుల చేతులు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. ఆ బూడిద కింద మన ఆడమనిషి కూడా ఉంది. నేను వెళ్లినప్పుడు అది విడిగా ఒక చిన్న గదిలో ఉండేది. ఆ గదిలో మిగతావి శృంగారపు బొమ్మలు, అమ్మ ఇబ్బంది పడుతుంది, నేరుగా దీని దగ్గరికి తీసుకెళ్లు.

రోమ్‌లో రెండు రోజులు అన్నావు, సరిపోతాయి. పాంపే మునిగిన మరుసటేడు, 80లో కొలోసియం తెరిచారు. పాంథియన్ అనే పాత గుడిలో కూర్చోవడానికి బల్లలుంటాయి, అది ముఖ్యం.

గైడు మాట్లాడుతున్నప్పుడు పక్కనే ఉండండి, ఫోటోల కోసం వెనకపడకండి. మే నెలాఖరు కాబట్టి ఎండ మరీ మా జూలై అంత ఉండదు. అయినా టోపీ పెట్టుకోమను. చీర చెంగు కప్పుకుంటే చాలంటుంది, వినకు. అమ్మకి ఓపికుండి, అది తానుగా అడిగితే అప్పుడు ఆంఫీథియేటర్‌కి వెళ్లండి. అడగకపోతే వద్దు, నా కోసం అసలు వద్దు.

వచ్చే శనివారం హైదరాబాద్ వస్తున్నాను. చక్కిలాలు, వేరుశెనగ ఉండలు చేస్తున్నా, చిన్న డబ్బాల్లో సర్దుతాను, పెద్ద సంచి వద్దు. నా నడక బూట్లు కూడా తెస్తాను. దానివీ నావీ ఒకటే సైజు, చిన్నప్పటి నుంచి. అడుగున బాగా పట్టు ఉంది, ఆ నల్లరాళ్ల మీద జారవు. అప్పటి నుంచి బీరువా కింద అరలో ఉన్నాయి. ఈ వారం బయట ఎండలో పెట్టాను. ఒకసారి తొడిగి ఇంట్లో నాలుగు అడుగులు వెయ్యమను, వేలు నొక్కుకుంటే ఇప్పుడే చెప్పమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ