గొంతు విన్నాకే రాయి

చిన్నీకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రివ్యూ రెండుసార్లు చదివాను. స్పానిష్ దోపిడీ సిరీస్ 'మనీ హైస్ట్' గురించి "అందరూ అరుస్తారు, ఓవరాక్షన్, కథలో లాజిక్ లేదు" అని మూడు ముక్కల్లో తేల్చేశావు. ఇక మీదట స్పానిష్ సినిమాలూ సిరీస్‌లూ చూసి వరసగా రాస్తానన్నావు కాబట్టి ఈ ఉత్తరం. ముప్పై ఏళ్లు డబ్బింగ్ మాటలు రాసినవాణ్ణి. ఒకరి నోట్లో ఇంకొకరి గొంతు పెడితే ఏం పోతుందో నాకు బాగా తెలుసు.

నువ్వు చూసింది తెలుగులోనే కదా? అయితే దోపిడీ ముఠాని నడిపే ప్రొఫెసర్‌గా వేసిన అల్వారో మోర్తే నటనలో నీకు అందింది సగమే. మిగతా సగం మన డబ్బింగ్ ఆర్టిస్టుదీ, మాటలు రాసినవాళ్లదీ. మేం మొదట చూసేది పెదవులు. ప, బ, మ పడ్డచోట తెర మీద పెదవులు మూసుకోవాలి. నోరు ఇంకా కదులుతుంటే మాట అయిపోకూడదు. స్పానిష్ వాళ్లు గబగబా మాట్లాడతారు. ఆ కొలతలో తెలుగు వాక్యం ఇరికించాలంటే ఆర్టిస్టు పరుగెత్తాలి, పరుగెత్తితే గొంతు పైకి లేస్తుంది. నీకు వినిపించిన అరుపుల్లో కొన్ని అలా పుట్టినవే. అసలు గొంతులో ప్రొఫెసర్ ఎంత నెమ్మదస్తుడో ఒక్కసారి విను. ఆయన కళ్లజోడు వేలితో పైకి తోసుకోవడం, ఆ మెత్తటి గొంతు, రెండూ కలిస్తేనే ఆ పాత్ర.

కాబట్టి నచ్చిన సీన్ ఏదైనా మూడుసార్లు చూడు. ఒకసారి సౌండ్ తీసేసి, ఒకసారి సబ్‌టైటిల్స్ లేకుండా స్పానిష్‌లో, చివర్న సబ్‌టైటిల్స్‌తో. భాష రాకపోయినా ఊపిరి తెలుస్తుంది, తడబాటు తెలుస్తుంది.

దీనికి అర్జెంటీనా సినిమా 'ఎల్ సెక్రెతో దె సుస్ ఓహోస్' తీసుకో. 2009లో వచ్చింది, హువాన్ హోసే కంపనెల్లా తీశాడు, మరుసటి ఏడాది ఆస్కార్ అందుకుంది. అందులో లిఫ్ట్ సీన్ ఉంది. కోర్టు ఉద్యోగులు ఇద్దరు, రికార్దో దరీన్, సొలెదాద్ విల్యమిల్, లిఫ్ట్‌లో ఉంటారు. వాళ్లు పట్టుకున్న హంతకుడే బయటికొచ్చి, అదే లిఫ్ట్ ఎక్కి, వాళ్ల ముందే పిస్తోలు తీసి సిద్ధం చేసుకుంటాడు. ఒక్క మాట లేదు. దరీన్ మెడ తిప్పడు, ఆమె కళ్లార్పదు. భయాన్ని ముఖం మీద పూసుకోకుండా ఒంట్లో దాచుకున్నారు వాళ్లిద్దరూ. దరీన్ గొప్పతనం గురించి నేను పేజీలు రాసినా ఆ కొద్ది క్షణాలకు సరితూగదు.

అదే సినిమాలో తాగుబోతు సహోద్యోగిగా గిజెర్మో ఫ్రన్సెల్లా ఉన్నాడు. ఆ దేశంలో ఆయన పేరు మోసిన కమెడియన్. 'రంగమార్తాండ'లో బ్రహ్మానందం గారిని చూసి మనం ఎలా గుటకలు మింగామో, వాళ్లకీ ఆయన్ని చూస్తే అలాగే ఉండి ఉంటుంది. నటుడి వెనక ఉన్న ఈ సంగతులు తెలుసుకుని రాస్తే రివ్యూకి బరువు వస్తుంది.

ఇక రైటింగ్. ఆ సినిమా హీరో అర్ధరాత్రి లేచి కాగితం మీద 'తెమో' (temo) అని రాసుకుంటాడు. భయపడుతున్నాను అని అర్థం. అతని పాత టైప్‌రైటర్‌లో 'a' అక్షరం పడదు. చివర్లో ఆ కాగితం మీద చేత్తో ఒక్క 'a' చేర్చితే 'తే ఆమో' (te amo), నిన్ను ప్రేమిస్తున్నాను, అవుతుంది. పాతికేళ్లు చెప్పలేని మాటకి అడ్డం పడింది ఒక్క అక్షరం! సబ్‌టైటిల్‌లో అర్థాలు కనిపిస్తాయి కానీ ఆ అక్షరం జారిపోతుంది. తెలుగులో దీన్ని ఎలా తేవాలా అని నేను చాలా రాత్రులు ఆలోచించాను, దొరకలేదు.

ఇంకో మాట. స్పానిష్‌లో మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి: 'తూ', 'ఉస్తెద్'. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో రెండూ 'యూ'నే. ఇద్దరు మనుషులు ఎప్పుడు దగ్గరయ్యారో, ఎప్పుడు దూరం జరిగారో ఆ మాటలోనే దొరుకుతుంది కాబట్టి చెవి పెట్టు. అయితే కొలంబియా రాజధాని బొగొతాలో ఇంట్లోవాళ్లు కూడా 'ఉస్తెద్' అనుకుంటారు, దాన్ని కోపం అనుకోకు. అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ ఐరెస్‌లో 'తూ' బదులు 'వోస్'. యాస అక్కడ చిన్న విషయం కాదు. 'నార్కోస్' సిరీస్‌లో కొలంబియా డ్రగ్స్ ముఠా నాయకుడు ఎస్కోబార్‌గా వేసిన వాగ్నర్ మౌరా బ్రెజిల్ మనిషి, పాత్ర కోసం స్పానిష్ నేర్చుకున్నాడు. కొలంబియా ప్రేక్షకులకు ఆ యాస మింగుడుపడలేదు. సీమ ఫ్యాక్షనిస్టు గోదావరి యాసలో మాట్లాడితే మనం ఊరుకుంటామా? మనకి మాత్రం అతని నటన అద్భుతంగానే కనిపిస్తుంది. రాసేటప్పుడు ఆ రెండు మాటలూ రాయి.

లాజిక్ సంగతికొస్తే, 'మనీ హైస్ట్' మీద నీ ఫిర్యాదు కొంత నిజమే. ప్లాన్ తప్పిన ప్రతిసారీ దానికీ ముందే ఇంకో ప్లాన్ ఉండటం నాకూ నచ్చలేదు. కానీ ఎపిసోడ్లు ఎక్కడపడితే అక్కడ తెగుతున్నాయన్న నింద రచయితల మీద వెయ్యకు. 2017లో స్పెయిన్ టీవీలో వచ్చినప్పుడు అవి ఒక్కొక్కటి 70 నిమిషాల చొప్పున 15 ఎపిసోడ్లు. నెట్‌ఫ్లిక్స్ వాటినే కోసి 22 చేసింది.

మెక్సికో టెలినోవెలాలు, అంటే వాళ్ల టీవీ సీరియళ్లు, చూస్తే ఓవరాక్షన్ అనేముందు కూడా ఒక్క క్షణం ఆగు. అక్కడ చాలామంది నటులకు చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉండేది. బఠాణీ గింజంత ఉంటుందని దాన్ని 'చీచరో' అనేవాళ్లు. డైలాగు అందులో వినిపిస్తుంటే విని చెప్పేవాళ్లు. ఆ దూరపు చూపు, మాటకి ముందు ఆ ఆగడం అక్కణ్ణుంచీ వచ్చినవే చాలా వరకు.

మన తెలుగు సినిమా 'ఎవరు' నీకు ఇష్టం కదా. దాని మూలం ఒరియోల్ పావులో తీసిన 'కొంత్రతియెంపో', 2016. ఈ ఆదివారం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. మనవాళ్లు ఏ మలుపు మార్చారో, మార్చాక పాత్రల మీద నీ జాలి ఎటు తిరిగిందో రాసి పంపు. మూలాన్ని మాత్రం స్పానిష్ గొంతుల్లోనే చూడు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య