బండి – బాగోగులు: ఒక్కోసారి బిగుసుకుపోయే స్టీరింగు

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర ఒక పల్లె. మా చీనీ తోట పెన్నేటికి అవతల ఉన్నందువల్ల, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న పాత డీజిల్ జీపు ఒకటి రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండులో కొన్నాను. దానికి ఆయిలుతో పనిచేసే పవర్ స్టీరింగు ఉంది. కొన్ని నెలలుగా ఆ స్టీరింగు ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది, కాసేపటికి దానంతట అదే మామూలవుతోంది. పొద్దున బయలుదేరేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. ముప్పావు గంట తిరిగాక, ముఖ్యంగా ఇసుకలో నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు, రెండు చేతులా లాగినా కష్టంగా కదులుతుంది. ఏట్లో నీళ్లు దాటిన వెంటనే కూడా రెండు మూడు సార్లు ఇలాగే జరిగింది. ఒక షెడ్డులో స్టీరింగుకు ఆయిలు తోసే పంపు మార్పించాను. పదిహేను రోజులు బాగుండి మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పుడు స్టీరింగు బాక్సు (స్టీరింగు తిప్పుడును చక్రాలకు అందించే పెట్టె) మొత్తం మార్చాలంటున్నారు. బండి కింద ఎక్కడా ఆయిలు కారిన మరక లేదు. ఏం చేయమంటారు?

జవాబు: బాక్సుకు ఇప్పుడే డబ్బు కట్టవద్దు. మీ ఉత్తరంలోనే మూడు ఆధారాలు ఉన్నాయి: పొద్దున బాగుంటుంది, ముప్పావు గంట తరువాత బిగుస్తుంది, నీళ్లు దాటగానే బిగుస్తుంది. పంపు మార్చినవారు ముందుగా ఈ మూడు సంగతులు అడిగి ఉంటే ఆ ఖర్చు తప్పేదేమో. పూర్తిగా చెడిపోయిన భాగాన్ని ఎవరైనా పట్టుకోగలరు కానీ, వచ్చి పోయే జబ్బు షెడ్డు దాకా వెళ్లేసరికి, డాక్టరు గడప తొక్కగానే తగ్గిపోయే చలిజ్వరంలాగా, కనిపించకుండా పోతుంది. అందువల్ల స్పానరు పట్టే ముందు ఒక వారం పాటు, స్టీరింగు బిగిసిన ప్రతిసారీ ఇంజను ఎంత వేడిగా ఉంది, అంతకుముందు నీళ్లలో దిగారా, ఆ క్షణంలో కొంచెం రేసు ఇస్తే తేలికైందా, ఫోర్ వీల్ లివరు ఏ స్థానంలో ఉంది అన్న నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి.

ఆ నాలుగో ప్రశ్న వినడానికి చిన్నదే అయినా దానికి కారణం ఉంది. మీ బండి లాంటి పాత జీపుల్లో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్, అంటే రెండూ వేర్వేరు వేగంతో తిరగడానికి వీలిచ్చే పళ్లచక్రాల అమరిక, ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగవలసి ఉంటుంది. ఇసుకలో చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది కానీ, ఏరు దాటి తారు రోడ్డు ఎక్కాక కూడా లివరును ఫోర్ వీల్‌లోనే వదిలేస్తే చక్రం జారే వీలు లేక, స్టీరింగును ఎవరో అవతలి నుంచి పట్టుకున్నట్టు అనిపిస్తుంది. అలాగే ఇసుక కోసం టైర్లలో గాలి తగ్గించి, తిరిగి కొట్టించడం మరిచిపోయినా స్టీరింగు బరువెక్కుతుంది. ఈ రెండూ జబ్బులు కావు, అలవాట్లు; వీటికి పంపును నిందించి ప్రయోజనం లేదు.

మీరు చెప్పిన లక్షణాలు మాత్రం వీటితో తీరేవి కావు. పంపు ఇంజనుతో పాటు బెల్టు మీద తిరుగుతుంది. ఇంజను స్లోలో ఉన్నప్పుడు పంపు తోసే ఆయిలు తక్కువ; ఇసుకలో నెమ్మదిగా చక్రాలు తిప్పేటప్పుడు కావలసిన బలం ఎక్కువ. ఆయిలు వ్యవస్థలో ఏ చిన్న లోపం ఉన్నా మొదట అక్కడే బయటపడుతుంది. పైగా ఆయిలు వేడెక్కేకొద్దీ పలుచబడుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు కప్పిపుచ్చుకున్న లోపం ముప్పావు గంట తరువాత దాగదు.

వేడితో వచ్చే బిగువుకు నేను మొదట అనుమానించేది పంపును కాదు, ఆయిలు డబ్బా నుంచి పంపుకు వచ్చే రబ్బరు గొట్టాన్ని. ఇది పీల్చే వైపు గొట్టం. ఇందులో ఒత్తిడి ఉండదు. క్లాంపు వదులైతేనో, రబ్బరు ఎండి పగుళ్లిస్తేనో ఆయిలు బయటికి కారకుండానే గాలి లోపలికి చేరుతుంది. కింద మరక లేదన్న మీ మాటకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది: ఏళ్ల తరబడి వేడికి నానిన గొట్టంలో లోపలి పొర విడిపోయి, పైకి గట్టిగా కనిపిస్తున్నా, వేడెక్కినప్పుడు మెత్తబడి పీల్పుకు లోపలికి ముడుచుకుని దారి మూసేస్తుంది. చల్లారితే మళ్లీ తెరుచుకుంటుంది. పంపు మార్చేటప్పుడు చాలా చోట్ల పాత గొట్టాన్నే తిరిగి బిగిస్తారు. కొత్తగా బిగించిన క్లాంపు కొన్నాళ్లు గాలిని ఆపి, రబ్బరు మళ్లీ వేడికి కుంగగానే వదులైందని, మీ పదిహేను రోజుల ఊరట అదేనని నా అంచనా.

దీన్ని మీరే చూసుకోవచ్చు. బండి బాగా తిరిగి స్టీరింగు బిగిసిన రోజున, చక్రాలు నేరుగా ఉంచి, ఇంజను నడుస్తుండగా ఆయిలు డబ్బా మూత తీసి టార్చి వేసి చూడండి. ఆయిలు నిర్మలంగా ఉండాలి. చిలికిన మజ్జిగ మీద తేలినట్టు నురగ కనిపించినా, రంగు పాలిపోయి తెల్లబడినా అందులో గాలి కలిసినట్టే. తరువాత ఆయిలు మట్టం ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకుని ఇంజను ఆపించండి. మట్టం స్పష్టంగా పైకి లేస్తే, అంతసేపూ ఆయిలులో నొక్కుకుని ఉన్న గాలి వ్యాకోచించిందన్నమాట. ఆయిలు నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది; గాలి కలిసిన ఆయిలు చక్రాన్ని తోయడానికి బదులు తానే ముడుచుకుంటుంది. కొన్ని డబ్బాల అడుగున సన్నని జాలీ ఫిల్టరు కూడా ఉంటుంది. పాత పంపు అరిగి వదిలిన ఇనుప రజను అందులో చేరితే కొత్త పంపుకు తాగడానికి ఆయిలే అందదు. పంపు మార్చిననాడు పాత ఆయిలు పూర్తిగా తీసి కడిగారో లేదో షెడ్డువారిని అడగండి. కడగకపోతే ఆ రజను పంపులోని ప్రవాహ నియంత్రణ వాల్వును కూడా ఒక్కోసారి ఇరికించి వదులుతుంది.

నీళ్లు దాటిన వెంటనే బిగియడం వేరే జబ్బు అని నేను భావిస్తున్నాను. ఒకే బండిలో రెండు లోపాలు కలిసి ఉంటే మెకానిక్కులు తికమకపడటం సహజం. ఇక్కడ బెల్టును చూడాలి. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, బెల్టు పక్క అంచులను వేలితో తడమండి. అవి అద్దంలా నున్నగా మెరుస్తుంటే, లేదా పెన్నేటి ఇసుక పుల్లీ గాడిలో చేరి వేలికి గరుకుగా తగులుతుంటే, తడి తగలగానే బెల్టు జారుతుంది. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సాధారణంగా ఒక సెంటీమీటరు వరకు దిగాలి. అంతకు మించి ఊగితే వదులు. స్టీరింగు బిగిసిన క్షణంలో కీచుమనే చప్పుడు వచ్చినా, ఆ బెల్టు మీదే ఆల్టర్నేటరు (బ్యాటరీని ఛార్జు చేసే యంత్రం) కూడా తిరిగే బండిలో బ్యాటరీ దీపం మిణుకుమన్నా, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. నమ్మకం కుదరకపోతే ఇంజను స్లోలో ఉంచి, ఒకరు స్టీరింగు తిప్పుతుండగా మరొకరు దూరం నుంచి బెల్టు మీద కొన్ని నీళ్లు చిలకరించి చూడవచ్చు. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టి ఈ పని చేయండి.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలితే ముందు చక్రాలు రెండూ జాకీలతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, ఇంజను ఆపి ఉంచి స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఒక చుట్టులో రెండు చోట్ల బిగిసి, రెండు చోట్ల వదులైతే స్టీరింగు కడ్డీలోని క్రాస్ జాయింటు (కడ్డీ వంగే చోట ఉండే కీలు) నీటికీ ఇసుకకూ తుప్పు పట్టి ఉంటుంది. దానికి ఆయిలుతో సంబంధమే లేదు.

స్టీరింగు బాక్సు వంతు అన్నిటి కంటే చివర వస్తుంది. దాన్ని మార్చమనే షెడ్డులో ప్రెషర్ గేజి ఉందా అని అడగండి. పంపుకూ బాక్సుకూ మధ్య ఆ గేజి బిగించి, ఆయిలు వేడిగా ఉన్నప్పుడు దాని వాల్వును 5 సెకన్లకు మించకుండా మూస్తే పంపు ఇవ్వగలిగిన పూర్తి ఒత్తిడి తెలుస్తుంది. అది ఎంత ఉండాలో మీ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది. వాల్వు మూసినప్పుడు ఒత్తిడి సరిగా వచ్చి, వాల్వు తెరిచి స్టీరింగును చివరి దాకా తిప్పినప్పుడు మాత్రం రాకపోతే బాక్సులోని సీళ్లు లోపలే ఆయిలును వదిలేస్తున్నాయి. వాల్వు మూసినా రాకపోతే పంపుదో బెల్టుదో లోపం. ఈ పరీక్ష చేయకుండా బాక్సు మార్చమనే మాటను నేనైతే వినను.

గొట్టం, క్లాంపులు, బెల్టు మార్చాక పాత ఆయిలు మొత్తం తీయించి, మూత మీద ముద్రించిన రకం ఆయిలే పోయించండి. చక్రాలు లేపి ఉంచి, ఇంజను స్టార్టు చేయకుండానే ఇరవై సార్లు ఆ చివరికీ ఈ చివరికీ నెమ్మదిగా తిప్పుతూ, మట్టం తగ్గినప్పుడల్లా పోస్తూ గాలిని వెళ్లగొట్టాలి. తొందరపడి ముందే ఇంజను స్టార్టు చేస్తే పంపు ఆ గాలిని చిలికి నురగ చేస్తుంది, మళ్లీ అదే కథ.

ప్రశ్న: కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల దగ్గరికి రోజూ కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో వెళ్తాను. స్టీరింగు కరెంటుతో పనిచేసే రకం. ఒక్కోసారి పసుపు దీపం వెలిగి స్టీరింగు బరువెక్కుతుంది; ఆపి స్టార్టు చేస్తే దీపం ఆరిపోతుంది. ఇందులో ఆయిలే లేదు కదా, మరి ఏం చూడాలి?

జవాబు: ఆయిలు బదులు వోల్టేజీని చూడాలి. ఈ మోటారు నిలిచి ఉన్న బండి చక్రాలు తిప్పేటప్పుడు చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి బ్యాటరీ, ఆల్టర్నేటరు, ఎర్తు వైరు ఈ మూడింటిలో ఏది బలహీనమైనా ముందుగా స్టీరింగే మొరాయిస్తుంది. ఇంజను ఆపి కొన్ని గంటలు ఉంచాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. తరువాత స్టీరింగు తిప్పుతుండగా బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కూ స్టీరింగు ఎర్తు బిగించిన చోటుకూ మధ్య మీటరు పెట్టి చూడండి, 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపితే ఆ బోల్టు కింద తుప్పో రాతి దుమ్మో ఉంది. అక్కడ ఇసుక కాగితంతో రుద్ది బిగిస్తే తీరిపోయే జబ్బుకు స్టీరింగు యూనిట్ మొత్తం మార్చిన సందర్భాలు నేను చూశాను.

గనిలో ఇరుకు చోట బండిని ముందుకూ వెనక్కూ తిప్పుతూ చాలాసేపు స్టీరింగును ఆడించాక బరువెక్కి, కాసేపు వదిలేస్తే తేలికైతే, మోటారు వేడెక్కి తనను తాను కాపాడుకుంటోందన్నమాట. అది లోపం కాదు. దీపం వెలిగిన రోజున బ్యాటరీ వైరు మాత్రం పీకవద్దు. దీపం ఆరినా లోపం నంబరు కంప్యూటర్లో నిలిచే ఉండవచ్చు, వైరు పీకితే అది చెరిగిపోవచ్చు. స్కానరుతో దాన్ని చదివించాకే మిగతా పని.

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. వానాకాలంలో నల్లరేగడిలో చక్రాలు దిగబడినప్పుడు స్టీరింగును చివరి దాకా తిప్పి పట్టుకుంటే పంపు మూలుగుతుంది. ప్రమాదమా? ఆయిలు తగ్గితే బ్రేకు ఆయిలు పోయవచ్చా?

జవాబు: చివరి దాకా తిప్పి పట్టుకున్నప్పుడు పంపులో రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దు మీరకుండా ఆయిలును వెనక్కి వదిలే వాల్వు) తెరుచుకుంటుంది, మూలుగు దానిదే. 5 సెకన్లకు మించి అలా పట్టుకుంటే అదే ఆయిలు అక్కడక్కడే తిరిగి కాగిపోతుంది. కాస్త వెనక్కి వదలండి. బ్రేకు ఆయిలు మాత్రం ఒక్క చుక్క కూడా పోయవద్దు, అది స్టీరింగు సీళ్లను ఉబ్బించి పాడు చేస్తుంది. పొరపాటున ఇప్పటికే పోసి ఉంటే బండి స్టార్టు చేయకుండా మొత్తం తీయించి కడిగించండి.