కంచంలో అన్నం ఎన్ని గ్రాములు?

ప్రశ్న: మా నాన్నగారికి అరవై దాటాయి. షుగరుకు మాత్రలు వాడుతున్నారు. పూటకి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు మించొద్దని డాక్టరుగారన్నారు. సరిగ్గా 60 గ్రాముల బియ్యం తూచి వండుతున్నాం. అయినా తిన్న రెండు గంటలకి 220 చూపిస్తోంది. ఎందుకని? — ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆ 60 గ్రాముల బియ్యంలో ఉన్నది సుమారు 47 గ్రాములే. లెక్క తప్పుతున్నది దాని పక్కన వడ్డించేవాటితో. కప్పు ముద్దపప్పుకి 15, కంద బచ్చలి చేసిన రోజున వంద గ్రాముల కందకి 18, కప్పు పెరుగుకి 5. వెరసి 85! కంద, చిలగడదుంప, అరటికాయలని కూర కింద కాదు, అన్నం కింద జమకట్టండి. వంకాయ, బీర, ఆనపలతో ఆ బెడద లేదు, వందకి 5 లోపే. పులుసులో బెల్లం మటుకు పంచదారకి తోబుట్టువే.

ఆయనొక్కరికీ విడిగా వండటం నాలుగు రోజుల ముచ్చట. అందరి అన్నంలోంచే తూచి పెట్టండి. ముందు ఖాళీ గిన్నె బరువు రాసుకోండి. అర కిలో బియ్యంలో కార్బోహైడ్రేట్లు 390 గ్రాములు. ఉడికాక, గిన్నె బరువు పోను అన్నం 1,400 గ్రాములు తూగిందనుకోండి, వంద గ్రాములకి 28 పడుతుంది. పలుకుగా దిగి 1,250 తూగితే అదే వందకి 31. అందుకే మీ ఇంటి బియ్యాన్ని, మీరు పోసే ఎసరుతోనే రెండు మూడుసార్లు తూచి చూడాలి. గంజి వార్చాం కదా, షుగరు పోయినట్టే అనుకోవడం ఉత్త భ్రమ. పోయేది కొంచెమే.

ఇక ఆయన కంచం: పప్పు 15, వంకాయ కూర 5, పెరుగు 5 పోతే మిగిలేది 35, అంటే 125 గ్రాముల అన్నం. కంద ఉన్న రోజు 80 గ్రాములే. పెరుగులోకి వేసే మారు అన్నం కూడా ఇందులోదే, ముందే పక్కన తీసి పెట్టండి. తూకం కుదిరాక గరిటె కొలత చాలు, కానీ గరిటెని తలకొట్టి వడ్డించాలి.

రెండు గంటలు మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టండి. వేలు సబ్బుతో కడిగి, తుడిచి గుచ్చండి. మామిడిపండు రసం అంటిన వేలికి అంకె పెరిగి కనిపిస్తుంది. ఇంత చేసినా 180 దాటుతుంటే, వారం రోజుల తిండి, అంకెలు రాసిన కాగితం డాక్టరుగారికి చూపించండి. మాత్ర మీరే పెంచొద్దు.

ప్రశ్న: ఇన్సులిన్ వేసుకునేవారికి షుగరు పడిపోతే కొబ్బరి బొండం తాగించవచ్చా? — ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: దాన్ని నమ్ముకోవద్దు. గ్లాసు నీళ్లలో ఉండే తీపి 8 గ్రాములకి అటూ ఇటూ, కాయకో రకం. 70 కన్నా తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకో మూడు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.