ఆనర్ సొసైటీని ఏ గడిలో రాయాలి?

చి. అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికా కాలేజీలకి నువ్వు నింపి పంపిన ఉమ్మడి దరఖాస్తు, అదే కామన్ యాప్, చూశాను. బాగా చదివే హైస్కూలు పిల్లల్ని చేర్చుకునే నేషనల్ ఆనర్ సొసైటీని యాక్టివిటీల్లో మొట్టమొదట పెట్టావు. అది 1921 నాటి సంస్థ, అడ్మిషన్ల ఆఫీసులో ఫైళ్ళు చదివేవాళ్ళకి రోజూ కనిపించే పేరే. చేరడానికి చూసే మార్కుల సగటు (జీపీఏ) నీ మార్కుల పట్టీలో ఎలాగూ ఉంది. ఉత్త సభ్యత్వమే అయితే దాని చోటు బహుమతులు రాసే ఆనర్స్ విభాగం. అక్కడ ఉన్నవి ఐదు గడులు, ఒక్కోదానికి 100 అక్షరాలు. అంతకన్నా గట్టి బహుమతులు ఐదుంటే ఇది మానేసినా నష్టం లేదు. డబ్బు కడితే సభ్యత్వమిస్తామని ఉత్తరాలు పంపే సొసైటీల జోలికి అసలు పోకు.

నువ్వు నడిపిన ట్యూటరింగ్ మాత్రం యాక్టివిటీయే. హోదాకి 50 అక్షరాలు, సంస్థ పేరుకి 100, చేసిన పనికి 150. స్పేసులూ కామాలూ కూడా లెక్కలోకొస్తాయి. పేరుకి వేరే గడి ఉంది కాబట్టి వివరణలో మళ్ళీ రాయకు. "తోటి విద్యార్థులకు సాయపడుతూ నాయకత్వ లక్షణాలు పెంచుకున్నాను" అన్నావు. ఇది ఎవరైనా రాస్తారు. "వారానికి రెండు రోజులు ఆల్జీబ్రా చెప్పడం, 14 మంది ట్యూటర్లకి షెడ్యూలు వేయడం, పరీక్షలకి రివిజన్ షీట్లు తయారుచేయడం" అంటే పని కళ్ళకి కడుతుంది. ఇంగ్లీషులో 'ఐ' అక్కర్లేదు, క్రియతోనే మొదలెట్టు.

గంటల దగ్గర తప్పు చేశావు. ట్యూటరింగ్‌కి 52 వారాలట! స్కూలు నడిచేదే 36 వారాలు, వేసవిలో ఎవరికి చెప్పావే? పరీక్షల వారాలు తీసేసి 30 అని రాయి. పది గడుల్లోని గంటలన్నీ ఒకసారి కూడి చూడు. వారానికి 61 వస్తున్నాయి. స్కూలూ హోంవర్కూ పోగా నిద్రపోయేదెప్పుడని చదివేవాళ్ళకి అనుమానం రాదూ?

కూచిపూడిని తొమ్మిదో గడిలోకి తోసేశావు, అది నాకు నచ్చలేదు. దాన్ని మొదటికి తీసుకురా. తరగతుల గడిలో 9 నుంచే టిక్కు పెట్టాలి కనక పదేళ్ళ సాధన అన్నమాట వివరణలోనే రావాలి. రంగప్రవేశం అంటే వాళ్ళకి తెలీదు. రెండు గంటల సోలో ప్రదర్శన అనీ, ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి తరంగం ఆడాననీ విప్పి రాయి.

తమ్ముణ్ణి రోజూ స్కూలునుంచి తెచ్చి, మీ అమ్మ వచ్చేదాకా చూసుకుంటున్నావు కదా. దానికి 'కుటుంబ బాధ్యతలు' అని వేరే వర్గమే ఉంది. అమ్మ ఇదేం గొప్పంటుంది, వినకు.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లది వేరే అప్లికేషన్. అక్కడ 20 గడులు, వివరణకి 350 అక్షరాలు. ఈ 150నే అక్కడ అతికిస్తే సగం చోటు వృథా.

సబ్మిట్ కొట్టేముందు ప్రివ్యూ పీడీఎఫ్ నాకు పంపు.

పెద్దమ్మ